మా అన్న కలిపేసిన గోధుమలు

మా అన్నకు అరవై దాటాక ముందు షుగర్ వచ్చింది. తరువాత కంట్లో శుక్లాలు వచ్చాయి. వాటి వెనకాలే జ్ఞానం వచ్చింది. మొదటి రెంటికీ దవాఖానలో వైద్యం ఉంది. మూడోదానికి లేదు, మేమే భరించాలి.

జనగామలో మాది కిరాణా హోల్‌సేల్ దుకాణం. మా బాపు పెట్టాడు, అన్న పెంచాడు. కొడుకులు గల్లా మీద కూర్చోవడం మొదలుపెట్టాక ఆయనకు పొద్దు గడవక సత్సంగంలో చేరాడు. కొన్నాళ్లకే మాట మారిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి "ఏందే, ఎటు వోయినవ్" అన్న మనిషి, "ఏమ్మా, ఎక్కడికి వెళ్లావు" అనడం మొదలుపెట్టాడు. సినిమాల్లో మన మాటను వెక్కిరిస్తున్నారని ఒకప్పుడు కోపంతో టీవీ కట్టేసిన మనిషే ఈయన. జ్ఞానం మన మాటలో ఇమడదని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఆకలైతే మాత్రం "జల్ది అన్నం పెట్టున్రి" అనే అనేవాడు.

నేను నెల్లికుదురు మండలంలో ఒక తండా బడిలో టీచర్ని. పిల్లలందరూ లంబాడీ పిల్లలే. ఇంట్లో వాళ్ల మాట వేరు, తెలుగు బడికొచ్చాకే పట్టుబడుతుంది. తల్లిదండ్రుల్లో సగంమంది పత్తి చేలల్లో, మిగతా సగం ఊళ్లు దాటిన కూలి పనుల్లో ఉంటారు. అలాంటి పిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పడానికే నా ప్రాణం పోతోంది. ఒకరోజు మా అన్న ఫోన్ చేసి, మీ బడి పిల్లలకు ఏకత్వం బోధిస్తానన్నాడు.

"ఏందన్నా అది?" అన్నాను.

"సృష్టిలో ఉన్నదంతా ఒక్కటేనని. చిన్న వయసులోనే నాటుకోవాలమ్మా."

"వాళ్లకు ఇంకా రెండో ఎక్కమే వస్తలేదు."

"రెండు అనేది ఉందనుకోవడమే అజ్ఞానం," అన్నాడు.

ఇక ఆ మనిషితో ఏం మాట్లాడతాం? నేను వద్దంటే హెడ్మాస్టర్‌కే నేరుగా ఫోన్ చేశాడు. మా హెడ్మాస్టర్‌కు, ఎవరో ఒకరు వచ్చి ఓ గంట పిల్లల్ని కూర్చోబెడితే అదే పుణ్యం. సంతోషంగా రమ్మన్నాడు.

శ్రావణమాసం రాకముందు వచ్చాడు అన్న. తెల్ల పంచె, కండువా, నుదుటి మీద గంధం. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని వరండాలో బొంతల మీద కూర్చోబెట్టాం. ఆయన కళ్లు మూసుకుని, తెరిచి, సముద్రంతో మొదలుపెట్టాడు. అలలు వేరువేరుగా కనిపిస్తాయి గాని నీరు ఒక్కటేనట. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. వాళ్లలో ఒక్కరూ సముద్రం చూసినవాళ్లు కారు. నేనూ పెళ్లయ్యాకే చూశాను. ఐదో తరగతి పిల్లాడు చెయ్యెత్తి, "అండ్ల చాపలు ఎవరు వడ్తరు సార్? కాంట్రాక్టరా?" అని అడిగాడు. మా చెరువులో చేపల గొడవ అలాంటిది మరి. అన్న ముఖం చిన్నబోయింది. నాకు నవ్వొచ్చింది, దాచుకోలేదు.

సముద్రం పారలేదని ఇత్తడి ఎత్తుకున్నాడు.

"చెంబు ఉంది, బిందె ఉంది, గిన్నె ఉంది. చూడటానికి వేరు. కానీ వాటన్నిటిలో ఉన్నది ఏమిటి? ఇత్తడి. చెంబును కరిగిస్తే ఏమవుతుంది? ఇత్తడి. అంటే చెంబు అనేది ఎప్పుడూ లేదు. ఉన్నదంతా ఇత్తడే."

నా ఒళ్లు భగ్గుమంది. ఎందుకో చెప్పాలి. మా అమ్మకు నీళ్లు తాగే చెంబు ఒకటుండేది. అంచు మీద సొట్ట. సొట్ట ఉన్న వైపు పెదవికి గుచ్చుకుంటుందని ఎప్పుడూ రెండో వైపు తిప్పుకుని తాగేది. అమ్మ పోయిన తరువాత, దినకర్మలైన వెంటనే, మా అన్న ఇంట్లో ఉన్న ఇత్తడంతా గోనెసంచుల్లోకి ఎత్తించి, తూకానికి వేసి, ఇంటినిండా స్టీలు సామాను దించాడు. నేను అడిగింది ఆ ఒక్క చెంబు. "ఏ చెంబైతేందే, నీకు కొత్తది ఇప్పిస్త" అన్నాడు. అప్పటికి ఆయనకు జ్ఞానం రాలేదు. ఇప్పుడనిపిస్తుంది, వచ్చే ముందు లక్షణాలు అవేనేమో.

అప్పుడే ముందు వరసలో కూర్చున్న మూడో తరగతి పిల్ల లేచి నిలబడింది. బక్కగా ఉంటుంది, జడలకు ఎర్ర రిబ్బన్లు, ఒక రిబ్బను ఎప్పుడూ ఊడిపోయే ఉంటుంది. తల్లీ తండ్రీ భూపాలపల్లిలో బొగ్గు గనుల దిక్కు ఇళ్ల కట్టడం పనిలో ఉన్నారు. పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి పోయారు. తరగతిలో అడిగితే తప్ప మాట్లాడదు. ఆ రోజు అడక్కుండానే మాట్లాడింది.

"మరి చెంబు ఎటు వోయింది సార్?"

"ఎటూ పోలేదు తల్లీ. ఇత్తడిలోనే ఉంది."

"ఉంటే కనవడాలె గద సార్."

ఆ పిల్ల నోట్లో చక్కెర పోయాలనిపించింది నాకు. అన్న మాట తిప్పేశాడు. పిల్లలకు మాటలతో కాదు, కళ్లకు కట్టినట్టు చూపించాలి అన్నాడు. రేపు మళ్లీ వస్తాననీ, ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి గుప్పెడు గోధుమలు పట్టుకురావాలనీ చెప్పాడు.

బడి వదిలేముందు ఆయన్ను పక్కకు పిలిచాను.

"అన్నా, గోధుమలొద్దు. మక్కలు తెమ్మను."

"గోధుమలైతే ఏమైంది? ఈ నెలలో తండాలో గోధుమలు లేని ఇల్లు ఉంటుందా? మన దుకాణం నుంచి ఎన్ని బస్తాలు వెళతాయో నాకు తెలియదా?"

"ఎందుకు కొంటరో తెలుసా మరి?"

"చపాతీలకు."

ఇన్నేళ్లు తండాలకు గోధుమలు అమ్మిన మనిషి అన్న మాట ఇది. అన్నం తినే ఇళ్లలో శ్రావణం దగ్గర పడగానే అందరికీ ఒక్కసారిగా చపాతీల మీద మనసు పుడుతుందని అనుకున్నాడట. అవి తీజ్ పండుగకని చెప్పాను. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్నూ మేక ఎరువూ నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లుపోసి మొలకలు పెంచుతారు. ఎవరి బుట్ట వాళ్లదే. ఎవరి మొలక ఎంత ఏపుగా వస్తే వాళ్ల బతుకు అంత పచ్చగా ఉంటుందని నమ్మకం. ఆఖరి రోజు ఆ మొలకలు తుంచి పెద్దల తలపాగాల్లో పెట్టి, మిగిలినవి వాగులో కలుపుతారు. ఆ గింజలు ఇంట్లో విడిగా మూటకట్టి ఉంటాయి. వాటిని ముట్టుకోకు అన్నాను.

"సరేలే," అన్నాడు. "మొక్కజొన్నలే తెమ్మను."

పిల్లలకు మక్కలు తెమ్మని నేనే చెప్పి పంపాను. మర్నాడు నాకు మండలంలో ట్రైనింగ్. వెళ్లక తప్పదు. వెళ్లాను.

ఆ తరువాతి రోజు పొద్దున బడికి వచ్చేసరికి గేటు దగ్గర ఆ పిల్ల నాయనమ్మ కూర్చుని ఉంది. చేతుల నిండా గాజులు, పక్కన కర్ర. నన్ను చూసి లేవలేదు.

"గా పంచె కట్టుకొని వచ్చినాయన మీ అన్ననంట గద టీచరమ్మా."

"అవును అవ్వా. ఏమైంది?"

"మీ అన్న కడుపు సల్లగుండ. నా కోడలు గింజలు ఏం జేసిండో అడుగు."

అవ్వ చెప్పింది కొంత, పిల్లలు చెప్పింది కొంత, అంతా కలిపితే జరిగింది ఇది. పిల్లలు మక్కలే తెచ్చారు. అన్న చూసి, ఇవి పనికిరావన్నాడట. మక్కలైతే ఒకటి ఎర్రగా ఒకటి తెల్లగా గుర్తుపట్టే వీలుందట, గోధుమలైతేనే పాఠం కుదురుతుందట. ఇళ్లు దగ్గరే గనక పరుగెత్తి గోధుమలు తెమ్మన్నాడు. పెద్దవాళ్లంతా పత్తిలో కలుపు తీయడానికి పోయారు. ఇళ్లలో వద్దనేవాళ్లు లేరు. పిల్లలు తలా గుప్పెడు తెచ్చారు.

మిగతా ఇళ్లలో గోధుమలు సంచుల్లో ఉన్నాయి. గుప్పెడు పోతే తెలియదు. ఈ పిల్లకు ఉన్నదే గుప్పెడు. పోయిన నెల తల్లి వచ్చి పోయేటప్పుడు మహబూబాబాద్ అంగట్లో కొని, రాళ్లూ పుచ్చులూ ఏరి, తన పాత చీర కొంగు చింపి మూటకట్టి గూట్లో పెట్టింది. పిల్లకు ఇదే మొదటి తీజ్. "పండుగకు మేస్త్రి తోలుతడో లేదో. గివి మొలిస్తే నేను వచ్చినట్టే అనుకో బిడ్డా" అని చెప్పి బస్సెక్కిందట. సార్ తెమ్మన్నాడని ఆ పిల్ల మూటకు మూట పట్టుకొచ్చింది.

మా అన్న పెద్ద స్టీలు గిన్నెలో అందరి గోధుమలూ పోయించి, చేత్తో కలియదిప్పి, "ఇప్పుడు ఎవరి గింజ ఏదో చెప్పండి" అన్నాడట. ఎవరూ చెప్పలేదు. "చూశారా, నాది నీది అనుకున్నవన్నీ ఒక్కటే" అని, తలా గుప్పెడు తీసుకుని ఇంటికి పొమ్మన్నాడట. అప్పుడు ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. నాయి నాకియ్యి సార్ అని గిన్నె పట్టుకుని వదల్లేదు. ఆయన నవ్వి, ఆ కొంగు ముక్కలో రెండు గుప్పిళ్లు పోసి, "నీవి నీకు రెట్టింపు ఇచ్చాను కదా" అన్నాడట. మగపిల్లలు దారిలో తమ గుప్పిళ్లు కోళ్లకు చల్లుకుంటూ పోయారు.

"రాత్రి బువ్వ తినలే," అంది అవ్వ. "మా యాడిని కోళ్లు తిన్నయని ఒక్కటే ఏడుపు."

యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. అవ్వ కర్ర ఆనుకుని లేచి, గేటు మీద ఉమ్మేసి వెళ్లిపోయింది. ఆ ఉమ్ము మా ఇంటి పేరు మీదే అని నాకు తెలుసు.

వరండాలో నిలబడే అన్నకు ఫోన్ కలిపాను. పిల్లలు వింటున్నారని కూడా చూడలేదు.

"మాట ఇచ్చి ఏం జేసినవ్ అన్నా?"

"ఏం చేశాను? గింజకూ గింజకూ తేడా ఏముందమ్మా? ఆ పిల్ల మమకారంతో..."

"ఆపు. సోనా మసూరిల దొడ్డు బియ్యం కలిపిండని గుమాస్తాను బజార్ల నిలవెట్టి తిట్టి పంపినవ్ యాదికుందా? బియ్యం అంతా ఒక్కటే గద. గప్పుడు గిదే మాట వాడికి ఎందుకు చెప్పలే?"

అవతల దుకాణంలో బస్తా దించిన చప్పుడు వచ్చింది.

"అది వ్యాపారం," అన్నాడు చివరికి.

"గిది ఆ పిల్లకు వాళ్లమ్మ," అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రానికి ఆటోలో గోధుమ బస్తా వచ్చింది. మా అన్నకు తెలిసిన ప్రాయశ్చిత్తం అదొక్కటే, సరుకు పంపడం. ఆటోవాడు అవ్వ వాకిట్లో దించబోతే ఆమె కర్ర అడ్డం పెట్టింది. "గీ బస్తల గింజలు నా కోడలు ఏరిందా?" అని అడిగిందట వాణ్ని. వాడికేం తెలుసు పాపం. బస్తా తిరుగు బండిలో జనగామ పోయింది. దారి ఖర్చు మా అన్నకే పడింది, నాకు చాలా సంతోషమేసింది.

తీజ్ మొదలైంది. తండా నాయకుని ఇంటి ముందు పందిరి నీడలో మంచె కట్టి, దాని మీద బుట్టలన్నీ వరుసగా పెట్టారు. మా బడి గేటు నుంచి చూస్తే ఎదురుగా కనిపిస్తాయి. గిన్నెలోంచి తెచ్చుకున్న గుప్పెడును ఏ ఆడపిల్లా విడిగా పెట్టలేదు, తమ సంచిలో పోసేసుకుని అన్నీ కలిపే నానబెట్టారు. ఈ పిల్ల కూడా మా అన్న ఆ కొంగు ముక్కలో పోసిచ్చినవే చల్లింది. ఆమె బుట్ట అన్నిటికన్నా చిన్నది.

మూడో రోజు పొద్దున బడిగంట కొట్టకముందే పెద్ద గోల. చూస్తే మంచె దగ్గర పెద్దపిల్లలు నలుగురైదుగురు ఆ పిల్ల చుట్టూ మూగి ఉన్నారు. ఒకతె చేతిలో ఈ పిల్ల జడ ఉంది. చెంబు కింద పడి నీళ్లు కారుతున్నాయి. నేను ఉరికాను.

"మా బుట్టలల్ల నీళ్లు పోస్తున్నది టీచర్," అంది జడ పట్టుకున్న పిల్ల. "ఎవల బుట్టకు వాళ్లే పొయ్యాలె. ఇంకొకలు పోస్తే మా తీజ్ ఖరాబు అయితది. దీనికి ఎవ్వలూ చెప్పనట్టే జేస్తున్నది."

"అవునా బిడ్డా? ఎందుకు పోసినవ్?" అన్నాను.

ఆ పిల్ల నాకు జవాబు చెప్పలేదు. నేను ఎవరి చెల్లెలినో ఆమెకు తెలుసు. జడ విడిపించుకుని, చెంబు తీసుకుని, మళ్లీ బోరింగు దగ్గరకు నడిచింది.

మర్నాడూ అంతే. దెబ్బలు తింది, తోసేస్తే పడింది, మళ్లీ నీళ్లు తెచ్చింది. వరుసలో మొదటి బుట్ట నుంచి చివరి బుట్ట దాకా, ఒక్కటీ విడవకుండా, కొంచెం కొంచెం. ఆడపిల్లలు ఆమెను పాటలో కలుపుకోవడం మానేశారు. బడిలో పక్కన కూర్చోలేదు. మధ్యాహ్నం అన్నం ఒక్కతే గోడ వైపు తిరిగి తినేది. నేను పిలిస్తే వచ్చేది కాదు. నాకు మా అన్న మీద ఎంత మంట పుట్టిందంటే, ఆయన పేరు ఫోన్‌లో కనిపిస్తే బోర్లా పెట్టేదాన్ని.

ఆ తగువును ఆపింది అవ్వ. ఒక పొద్దున వచ్చి, మంచెకు ఆనుకుని కర్ర నిలబెట్టి, పెద్దపిల్లలకు తమ మాటలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివర్లో వాళ్లలో ఒకతె ముఖం పక్కకు తిప్పుకుంది. అప్పటి నుంచి ఎవరూ అడ్డుపడలేదు. అలాగని ప్రేమగా కూడా లేరు. ఆమె నీళ్లు పోస్తుంటే దూరంగా నిలబడి చూసేవాళ్లు.

ఇంతలో మా అన్న మళ్లీ ఊడిపడ్డాడు. ఎవరు రమ్మన్నారు అంటే, క్షమాపణ చెబుదామని వచ్చానన్నాడు. క్షమాపణ సంగతి దేవుడెరుగు, కారు దిగగానే మంచె వైపు చూసి అక్కడే ఆగిపోయాడు. ఆ పిల్ల చెంబు పట్టుకుని ఒక్కో బుట్టకూ నీళ్లు పోస్తూ వెళుతోంది. విషయం హెడ్మాస్టర్ చెప్పాడు, అందరి బుట్టలకూ రోజూ పోస్తుందని. మా అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. సెల్‌ఫోన్ తీసి వీడియో పట్టాడు.

"చూశావా చెల్లీ," అన్నాడు. "తనది పరాయిది అనే భేదమే లేదు. మేం ఏళ్ల తరబడి విని కూడా అందుకోలేనిది ఆ పసిది అందుకుంది. సత్సంగంలో అందరికీ చూపిస్తాను."

"ఆ పిల్లను అడుగుపో," అన్నాను. "నాకు చెప్తలేదు. నీకన్నా చెప్తదేమో."

నిజంగానే వెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను. ఆయన వంగి, తల మీద చెయ్యి పెట్టబోతే ఆ పిల్ల వెనక్కి జరిగింది.

"అన్నీ ఒక్కటేనని నీకు అర్థమైంది కదా తల్లీ?"

"కావు సార్."

"మరి అన్నిటికీ నీళ్లెందుకు పోస్తున్నావు?"

ఆ పిల్ల బుట్టల వరుస వైపు చూసింది. అప్పుడే మట్టి పగిలి, సన్నటి తెల్లని మొనలు బయటికొస్తున్నాయి.

"గిండ్ల ఏదో ఒకదాంట్ల మా యాడి గింజలున్నయి. ఏ దాంట్లనో తెల్వదు. ఒక్కదానికి పొయ్యకుంటే, గదే అయితే?"

చెప్పి, చెంబు ఎత్తుకుని తరువాతి బుట్ట దగ్గరకు పోయింది. మా అన్న వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

కారు దగ్గరకు నడుస్తూ, "చూస్తే అదీ ఒక రకంగా అదే కదా" అని మొదలుపెట్టాడు. నాకు ఇక పట్టలేదు. ఇది నీ ఏకత్వం కాదు, సిగ్గుండాలె అన్నాను. అన్నీ ఒకటే అనుకున్నవాడు ఏదో ఒకదానికి పోసి ఇంటికి పోతాడు. ఆ పిల్ల అందులో తనదాన్ని ఒక్కదాన్ని వెతుక్కుంటోంది, దొరకదని తెలిసే వెతుక్కుంటోంది. నువ్వు కలిపావు గనక దెబ్బలు తిని మరీ ఇంత చాకిరీ చేస్తోంది, దాన్ని నువ్వు వీడియో తీస్తున్నావు. ఇవన్నీ రోడ్డు మీద నిలబడి గట్టిగానే అన్నాను. హెడ్మాస్టర్ ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆఖరి రోజు ఆదివారం వచ్చింది. తల్లి రాలేదు. స్లాబు పడుతోంది, మేస్త్రి తోలలేదని ఫోన్‌లో చెప్పిందట. ఆ పిల్లకు కొత్త లంగా కట్టారు, రెండు రిబ్బన్లూ గట్టిగా ముడివేశారు. మొలకలు జానెడు పైన పెరిగాయి. ఎండ తగలకుండా పెంచుతారు గనక లేత పసుపు రంగులో, వంగిపోతూ ఉన్నాయి. ఎవరి బుట్టా ఎవరి బుట్టకూ తీసిపోలేదు.

మా అన్న వచ్చాడు. ఈసారి నాయకుడే పిలిచాడట, దుకాణం పరిచయం. మర్నాడు రాఖీ. ఆయనతోపాటే జనగామ వెళ్లి కట్టక తప్పదు గనక నేనూ ఆదివారం అని చూడకుండా తండాకు వచ్చాను.

ఆడపిల్లలు మొలకలు తుంచి, ఒక్కొక్కరూ పెద్దమనుషుల తలపాగాల్లో దోపుతున్నారు. పెట్టించుకున్నవాళ్లు ఆ పిల్లల తల నిమిరి దీవిస్తున్నారు. మా అన్న కూడా కండువా తలకు చుట్టుకుని వరుసలో కూర్చున్నాడు. ఈ పిల్ల చేతిలో తన చిన్న బుట్టలోంచి తుంచిన మొలకలు ఉన్నాయి. అయితే నాయనమ్మ చెప్పిందేమో, మిగతా ఆడపిల్లలు కూడా తలా రెండు మూడు పోగులు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. జడ లాగిన పిల్ల అందరికంటే ఎక్కువ పెట్టింది, ముఖం మాత్రం చూడలేదు. అవన్నీ కలిసి ఆ పిల్ల గుప్పిట నిండిపోయింది.

వరుసలో నడుచుకుంటూ మా అన్న ముందుకు వచ్చింది. ఆయన తల వంచాడు. ఆ పిల్ల గుప్పిట బిగించి వెనక పెట్టుకుంది.

"పెట్టు బిడ్డా," అన్నాడు నాయకుడు. "పెద్దమనిషి, మన ఇంటికి వచ్చిండు."

"పెట్ట," అంది.

"గట్ల అనద్దు. అందరికి పెడ్తున్నరు గద."

"గిండ్ల మా యాడి ఉంటే?"

పాట ఆగిపోయింది. అందరూ నా వైపు చూశారు, టీచర్ని గనక ఒక మాట చెబుతానని. సార్‌కు పెట్టమ్మా అంటే పెట్టేదేమో. నేను నోరు విప్పలేదు. మా అన్న తల వంచుకునే ఉన్నాడు. కండువా ఒక వైపు జారి చెవి మీద పడింది, సర్దుకోలేదు. ఆ పిల్ల ఆయన్ను దాటి వెళ్లి నాయనమ్మ పక్కన నిలబడింది.

వాగు దగ్గర మిగతావన్నీ నీళ్లలో వదిలారు. ఆడపిల్లలు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు, అలా ఏడవడం ఆనవాయితీ. ఈ పిల్ల ఏడవలేదు. గుప్పెడు మొలకలను ఆ చీర కొంగు ముక్కలో చుట్టి, ముడివేసి, రేపు భూపాలపల్లి పనికి పోతున్న పక్కింటాయనకు ఇచ్చింది. నీళ్లు చల్లుకుంటూ తీసుకుపొమ్మని చెప్పింది. చెప్పడమే కాదు, ఆయనతో తిరిగి చెప్పించుకుంది.

అన్న కారులోనే జనగామ బయలుదేరాను. డ్రైవరు పాటలు పెట్టబోతే అన్న వద్దన్నాడు. కొడకండ్ల దాటాక, అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"గామెకు చేరేసరికి వాడిపోతయి గదనే."

ఎన్నాళ్లకో మన మాటలో మాట్లాడాడు.

"వాడిపోనీ," అన్నాను.

ఇంకొంత దూరం పోయింది కారు.

"అమ్మ చెంబుకు సొట్ట ఉండె గద," అన్నాడు. "గది నేనే పెట్టిన. చిన్నప్పుడు, బావి గచ్చు మీద పడేసి. అమ్మ ఎవ్వలకు చెప్పలే."

తిట్టాలనే అనిపించింది. తిడితే ఆయనకు బరువు దిగుతుంది, అందుకే తిట్టలేదు.